దెబ్బ కొట్టినవాడి మాట

ఆ మాటను నేను మొదటిసారి చూసింది వకీలు సాబ్ చేతిరాతలో. నీలి సిరా, ఉర్దూ రాసి రాసి అలవాటుపడ్డ చేయి, ఎక్కడా నిటారుగా నిలబడని ఇంగ్లిషు అక్షరాలు. ఇన్‌ఫ్లిక్టెడ్. అంతకుముందు నా వేళ్ళు ఎన్నడూ కొట్టని మాట. కొత్త మాట కనబడితే నాకు లోపల ఏదో గంతులు వేసేది. ఆ రోజూ వేసింది. టకటకా కొట్టేసి, కాగితం టైపు మిషన్లోనుంచి తీసి, అది ఎంత నల్లగా, ఎంత చక్కగా పడిందో చూసుకుని మురిసిపోయాను. నేను ఏం కొట్టానో నాకు సాయంత్రం వరకు తెలియనే లేదు.

అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఐదేళ్ళు కావస్తోంది. మాది లక్సెట్టిపేట. మా బాపు కోర్టులో నకళ్ళు రాసేవాడు. నిజాం కాలం నుంచి అదే పని. తీర్పులకు, దస్తావేజులకు ఆయన ఉర్దూలో నకలు రాస్తే ముత్యాలు పేర్చినట్టుండేదని పెద్ద పెద్ద వకీళ్ళు చెప్పుకునేవారు. పోలీసు చర్య జరిగింది, ప్రభుత్వాలు మారాయి, తర్వాత కోర్టు కాగితాలు ఒక్కొక్కటిగా ఇంగ్లిషులోకి మారిపోయాయి. బాపు ఉద్యోగం పోలేదు కానీ కలం పోయింది. ఆయనను పాత కాగితాల గదిలో వేశారు. పొద్దంతా కట్టలు విప్పి దుమ్ము దులిపి మళ్ళీ కట్టడమే పని. ఇంటికి వచ్చి ఏమీ అనేవాడు కాదు. ఒకరోజు మాత్రం అన్నం తింటూ తింటూ ఆగి, తనకు రాని భాష తన బిడ్డకు రావాలన్నాడు. మా అమ్మను అవ్వ అనేవాళ్ళం, ఆమె తెల్లబోయింది. ఆరు నెలల్లో పెళ్ళి చేద్దామని చూస్తున్న పిల్లను కరీంనగర్ పంపి టైపు నేర్పిస్తానంటున్నాడు మరి.

కరీంనగర్‌లో మా మేనత్త ఇంట్లో ఉండి నేర్చుకున్నాను. ఆ టైపు బడిలో ఇరవైమంది మగవాళ్ళ మధ్య నేనొక్కదాన్నే ఆడపిల్లను. మొదటి వారం ఎవరూ నా పక్క మిషన్ మీద కూర్చోలేదు. రెండో నెలకు నా వేగం చూసి పక్క మిషన్ కోసం పోటీపడ్డారు. పరీక్ష పాసై గోదావరి దాటి ఇంటికి వచ్చిన నెలలోపే వకీలు సాబ్ స్వయంగా మా ఇంటికి వచ్చి నన్ను తన దగ్గర పనికి పంపమని బాపును అడిగాడు. మా ఊరి కోర్టు దగ్గర టైపు వచ్చిన మనిషి అప్పటికి ఒక్కరూ లేరు. కాగితం టైపు కావాలంటే మంచిర్యాల పోవలసి వచ్చేది.

వకీలు సాబ్‌కు యాభై ఐదేళ్ళుంటాయి. హైదరాబాదులో ఉర్దూలో చదివి వకాలతు పాసైనవాడు. ఉర్దూలో ఆయన వాదిస్తుంటే కోర్టు బయట చెట్ల కింద ఉన్నవాళ్ళు కూడా లోపలికి వచ్చి నిలబడేవారట. ఇంగ్లిషు మాత్రం నడివయసులో నేర్చుకోవలసి వచ్చింది. ముందు ఉర్దూలో ఆలోచించి, పెదవులు కదిలిస్తూ దాన్ని ఇంగ్లిషులోకి మార్చి, కాగితం మీద పెట్టేవాడు. అది ఆయనకు ఎంత కష్టమో పక్కన కూర్చున్న నాకు తెలుసు. అందుకే ఆయన రాసినదాంట్లో ఒక్క అక్షరం మారినా తట్టుకోలేకపోయేవాడు. నేను చేరిన కొత్తలో ఒక మాటకు స్పెల్లింగు సరిచేసి కొడితే కాగితం చూసి ముఖం మాడ్చుకున్నాడు. "మక్కికి మక్కి కొట్టు బిడ్డా. నీ సొంతది కలుపకు" అన్నాడు. అప్పటినుంచి నేను మక్కికి మక్కే కొడుతూ వచ్చాను.

ఆ ఇన్‌ఫ్లిక్టెడ్ అనే మాట వచ్చింది ఒక సాలె ఆమె ఫిర్యాదులో.

ఆమె మా ఊరికి నాలుగు కోసుల దూరంలో ఉన్న పల్లె నుంచి ఒక్కతే నడిచి వచ్చింది. ముప్పై ఏళ్ళ మనిషి. ఎడమ చేతికి వెదురు బద్దలు పెట్టి గుడ్డతో చుట్టి, మెడకు వేలాడదీసి ఉంది. వకీలు సాబ్ వరండాలో నా మిషన్ పక్కనే గోడకు ఆనుకుని కూర్చుంది. మంచినీళ్ళు ఇచ్చి, ఏమైంది అక్కా అని అడిగాను. వకీలు సాబ్ రావడానికి ఇంకా గంట ఉంది. ఆ గంటలో కథంతా నాకు చెప్పింది.

ఇద్దరు అన్నదమ్ములు, ఒకే ఇల్లు, ఒకే సావడిలో పక్కపక్కన రెండు మగ్గం గుంటలు. తమ్ముడు ఆమె పెనిమిటి. మరమగ్గాల పనికి బొంబాయి దగ్గరి భీవండి పోయాడు. పోయిన మూడో రోజు నుంచి ఆమె అతని మగ్గం మీద కూర్చుని నేయడం మొదలుపెట్టింది. బావకు అది కిట్టలేదు. ఆడవాళ్ళు కండెలు చుట్టాలి, నూలుకు గంజి పెట్టాలి, అంతేగాని మగ్గం గుంటలో కాళ్ళు పెట్టకూడదన్నాడు. తనకు కండెలు చుట్టిపెట్టమన్నాడు. ఆమె వినలేదు. చీర నేసింది, మరొకటి నేసింది. ఒకరోజు పొద్దున బావ పార తీసుకుని వచ్చి ఆమె మగ్గం గుంటలో మన్ను పోయడం మొదలుపెట్టాడు. ఆమె అరవలేదు, ఏడవలేదు. దిగి గుంటలో కూర్చుంది.

"నా కాళ్ళ మీద మన్ను వోసిండు చెల్లె" అంది. "మోకాళ్ళ దాక వోసిండు. నేను లేవలే. గప్పుడు మగ్గం కర్ర గుంజి నెత్తి మీద కొట్టవోయిండు. చెయ్యి అడ్డం వెట్టిన. చెయ్యి ఇరిగింది. నెత్తి దక్కింది."

ఆ మాటలు చెబుతున్నప్పుడు ఆమె కళ్ళలో నీళ్ళు లేవు. మెరుపు ఉంది. ఆ గుంటలో నేనే కూర్చున్నట్టు, నా మోకాళ్ళ మీదే మన్ను పడుతున్నట్టు అనిపించింది. ఈమె కాగితం నేను ఎట్లా కొట్టాలంటే, చదివిన మెజిస్ట్రేటు కుర్చీలోనుంచి లేచి నిలబడాలి అనుకున్నాను. మిషన్‌కు కొత్త రిబ్బను వేశాను. దాచుకున్న మంచి కాగితాలు తీశాను.

వకీలు సాబ్ వచ్చి ఆమె చెప్పిందంతా విన్నాడు. ఆయనకు కూడా కోపం వచ్చింది. తల పంకిస్తూ, పెదవులు కదిలిస్తూ రెండు గంటలు కూర్చుని ఫిర్యాదు రాశాడు. అందులో అసలు వాక్యం ఇది: ది కంప్లైనెంట్ ఇన్‌ఫ్లిక్టెడ్ గ్రీవస్ హర్ట్ బై ది అక్యూజ్డ్. ఫిర్యాదికి ముద్దాయి వల్ల తీవ్రమైన గాయం కలిగింది అని ఆయన ఉద్దేశం. నేను మూడు ప్రతులు కొట్టాను. ఆమె వేలిముద్ర వేసింది. మర్నాడు పొద్దున కోర్టులో దాఖలు చేద్దామని, రాత్రికి ఊళ్ళో తన చుట్టాల ఇంట్లో ఉండమని వకీలు సాబ్ ఆమెకు చెప్పాడు. తాను మాత్రం పక్క ఊళ్ళో ఒక పెళ్ళికి పోతున్నానని, పొద్దుటి బస్సులో వచ్చి నేరుగా కోర్టుకే వస్తానని కాగితాలు సంచిలో పెట్టుకుని పోయాడు.

మా ఇంట్లో ఒక అలవాటు ఉండేది. ఆ రోజు నాకు ఎదురైన కొత్త మాటలను ఒక చీటీ మీద రాసుకుని వచ్చేదాన్ని. పొద్దు గూకకముందే బాపు, నేను వాకిట్లో మంచం మీద కూర్చుని వాటిని వెదికేవాళ్ళం. ఆయన దగ్గర అట్టలు ఊడిపోయిన ఇంగ్లిషు-ఉర్దూ నిఘంటువు ఒకటుండేది. ఇంగ్లిషు వైపు నేను చదివేదాన్ని, ఉర్దూ వైపు ఆయన చదివేవాడు. ఇద్దరం కలిస్తేనే ఒక మాట పూర్తయ్యేది. బాపు రోజంతటిలో సంతోషంగా ఉండేది ఆ అరగంటే.

ఆ సాయంత్రం చీటీలో మొదటి మాట ఇదే. పేజీ తిప్పి వేలు పెట్టి చూపాను. బాపు కళ్ళద్దాలు సర్దుకుని చదివాడు. జర్బ్ పహుంచానా. ఈజా దేనా. సజా దేనా. దెబ్బ, బాధ, శిక్ష, ఇవీ అర్థాలు. నేను రెండో మాటకు పోబోతుంటే నా చేయి పట్టి ఆపాడు. వకీలు సాబ్ ఈ మాటను ఏ వాక్యంలో పెట్టాడని అడిగాడు. నాకు నోటికి వచ్చు. చెప్పాను. దాని అర్థం మాట మాటకు తెలుగులో చెప్పమన్నాడు. చెప్పాను. మళ్ళీ చెప్పమన్నాడు.

"వకీల్ సాబ్ ఉర్దూల ఏం అనుకున్నడో నాకు తెలుసు" అన్నాడు బాపు. "జర్బ్ పహుంచీ అనుకున్నడు. దెబ్బ తగిలింది అని. ఇరవై ఏండ్లు గదే మాట నా చేతితోని రాసిన. కని ఇందుల పహుంచీ లేదు బిడ్డా. పహుంచానా ఉంది. తగులుడు వేరే, తగిలిచ్చుడు వేరే."

నాకు ఒక్కసారిగా అర్థం కాలేదు. ఆయన మంచం మీదినుంచి లేచి నిలబడ్డాడు. మా బాపు అట్లా లేచి నిలబడి మాట్లాడటం నేను చాలా ఏళ్ళుగా చూడలేదు.

"ఇది దెబ్బ కొట్టినోని మాట. దెబ్బ తిన్నోళ్ళ మాట కాదు."

అప్పుడు తగిలింది నాకు. కంప్లైనెంట్ ఇన్‌ఫ్లిక్టెడ్. ఫిర్యాది కొట్టింది. విరిగిన చేయి మెడకు వేలాడేసుకుని వచ్చిన ఆ మనిషే ఎవరినో తీవ్రంగా గాయపరిచిందని నేను కొత్త రిబ్బనుతో, మంచి కాగితం మీద, మూడు ప్రతులు కొట్టాను. కింద ఆమె వేలిముద్ర వేయించాం. వెంటనే పరుగెత్తాలనిపించింది. కానీ ఎక్కడికి? కాగితాలు వకీలు సాబ్ సంచిలో ఉన్నాయి, ఆయన పెళ్ళిలో ఉన్నాడు.

బాపు మళ్ళీ కూర్చుని పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు. ఆ మాట పక్కన బ్రాకెట్లో రెండే రెండు అక్షరాలున్నాయి, అవేమిటని అడిగాడు. ఆన్ అని చెప్పాను, అంటే మీద. ఎవరి మీద అని అడిగాడు. అవును, ఎవరి మీద? దెబ్బ వేసిన మనిషి ముందు రావాలి, తర్వాత దెబ్బ, ఆ తర్వాత ఆన్ పెట్టి దెబ్బ తిన్న మనిషి. బావ దెబ్బ వేశాడు, ఆమె మీద. మన మాటలోనూ అంతే కదా, మీద చెయ్యి వేశాడంటాం. ఒక్కసారిగా ఆ ఇంగ్లిషు వాక్యం మొత్తం నా కళ్ళ ముందు లేచి నిలబడింది. ఎవరు ఎటు నిలబడాలో, కర్ర ఎవరి చేతిలో ఉండాలో అన్నీ కనబడ్డాయి. నాకు నవ్వూ భయమూ రెండూ వచ్చాయి. నాలుగేళ్ళు ఇంగ్లిషు చదివినా, ఒక క్రియకు ముఖం ఎటుంటుందో, వీపు ఎటుంటుందో నాకు ఆ సాయంత్రమే తెలిసింది.

బాపు అక్కడితో ఆగలేదు. వకీలు సాబ్ దీన్ని పోలిన ఇంకేదైనా మాట అనుకుని ఇది రాశాడేమో చూద్దామన్నాడు. వెదికాం. అఫ్లిక్ట్ దొరికింది. దాని పక్కన బ్రాకెట్లో విత్ ఉంది. తక్లీఫ్ మే ముబ్తలా కర్నా అని చదివాడు బాపు. బాధలో పడవేయడం. రెండూ బాధపెట్టేవే. కానీ ఒకటి దెబ్బను ముందు పట్టుకుంటుంది, ఇంకొకటి మనిషిని ముందు పట్టుకుంటుంది. బాధను మనిషి మీద వేస్తే ఇన్‌ఫ్లిక్ట్. మనిషిని బాధలో వేస్తే అఫ్లిక్ట్. చీకటి పడి అక్షరాలు కనబడకుండా పోయేదాకా ఇద్దరం అవే రెండు మాటలతో వాక్యాలు అల్లుతూ కూర్చున్నాం. అవ్వ రెండుసార్లు అన్నానికి పిలిచి, మూడోసారి పిలవడం మానేసింది.

పొద్దున ఏడు కాకముందే వకీలు సాబ్ వరండాలో ఉన్నాను. ఇంట్లోవాళ్ళు ఇంత తొందరగా ఎందుకు వచ్చావని అడిగితే ఏదో చెప్పాను. మిషన్ ముందు కూర్చున్నాను. చేతిరాత కాగితం పక్కన లేదు, మక్కికి మక్కి కొట్టడానికి ఏమీ లేదు. మొట్టమొదటిసారి నా తలలోనుంచి ఒక ఇంగ్లిషు వాక్యం వేళ్ళలోకి దిగాలి. రెండు కాగితాలు తప్పులు పడి చింపేశాను. మూడోదానిలో వచ్చింది. ది అక్యూజ్డ్ ఇన్‌ఫ్లిక్టెడ్ గ్రీవస్ హర్ట్ ఆన్ ది కంప్లైనెంట్. మిగతాదంతా నాకు నోటికి వచ్చినదే, వకీలు సాబ్ రాసినట్టే. ప్రతులు తీసుకుని కోర్టుకు నడిచాను. నడిచాననుకున్నాను గానీ, చూసినవాళ్ళు పరుగెత్తానన్నారు.

సాలె అక్క అప్పటికే కోర్టు వరండాలో కూర్చుని ఉంది. వకీలు సాబ్ పదింపావుకు బస్సు దిగి చెమటలు కక్కుతూ వచ్చాడు. నేను కాగితం చూపించి, ఒక మాట తప్పు పడిందని, నిఘంటువులో చూశానని, మార్చి తెచ్చానని ఒక్క గుక్కలో చెప్పాను. ఆయన కాగితం వైపు చూడలేదు. నా వైపే చూశాడు.

"ముప్పై ఏండ్లసంది వకాలత్ చేస్తున్న" అన్నాడు. గొంతు పెంచలేదు. "గిప్పుడు నువ్వు నేర్పుతవా?"

నేను చెప్పబోయాను. ఆయన నల్లకోటు తొడుక్కుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. సంచిలోని పాత కాగితాన్నే దాఖలు చేశాడు.

ఆ మెజిస్ట్రేటు కొత్తగా వచ్చినవాడు. కోస్తా మనిషి, వయసులో చిన్నవాడు. మెత్తగా మాట్లాడేవాడు. ఫిర్యాదు వస్తే ముందు తాను చదివి, తర్వాత ఫిర్యాది చేత ప్రమాణం చేయించి, ఆమె నోటితో విని రాసుకోవాలి. నేను తలుపు దగ్గర గుమాస్తాలు కూర్చునే బల్ల పక్కన నిలబడ్డాను. ఆయన చదువుతుంటే ఆయన కనుబొమల వైపే చూస్తున్నాను. ఆ వాక్యం దగ్గరికి వచ్చాడని నాకు తెలిసిపోయింది. కనుబొమలు ముడిపడ్డాయి. వెనక్కి పోయి మళ్ళీ చదివాడు. తలెత్తి ఆమె కట్టుకట్టిన చేయి చూశాడు.

"అమ్మా, నువ్వు ఆయన్ని కొట్టావా?" అని అడిగాడు.

"నేనెందుకు కొడ్త దొరా?" అంది ఆమె.

"ఇందులో అలాగే రాసుంది."

వెనక ఎవరో నవ్వారు. నవ్వు బెంచీ నుంచి బెంచీకి పాకింది. ఆమెకు ఎందుకు నవ్వుతున్నారో తెలియలేదు. కట్టు కట్టిన చేతిని రెండో చేత్తో పట్టుకుని మొదట వకీలు సాబ్ వైపు, తర్వాత నా వైపు చూసింది.

"నేను సదువుకోలే. నేను చెప్పిందొకటి, మీరు రాసిందొకటా?"

నవ్వు ఆగిపోయింది. వకీలు సాబ్ నిలబడి ఉన్నాడు. ఆయన మెడ మీద చెమట కారడం నాకు వెనకనుంచి కనబడుతోంది. తర్వాత ఆయన ముందుకే చూస్తూ తన కుడి చేతిని వెనక్కి చాచాడు. అరచేయి తెరిచి ఉంది.

ఆ చేయి నా కోసమని అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. బల్ల దాటుకుని పోయి కాగితాలు అందులో పెట్టాను.

ఆయన నిదానంగా చదువుకున్నాడు. పెదవులు కదిలాయి. తర్వాత మెజిస్ట్రేటు వైపు తిరిగి, ఇంగ్లిషులో కాదు, ఉర్దూలో కాదు, తెలుగులో చెప్పాడు. "తప్పు నాది. ఈమెది కాదు. సరైన కాగితం గిది. ఇజాజత్ ఇస్తే మారుస్త."

మెజిస్ట్రేటు కొత్త కాగితం తీసుకుని చదివాడు. మార్చడానికి ఒప్పుకున్నాడు. ఆమె మళ్ళీ వేలిముద్ర వేసింది. ఎవరు రాశారు ఇది, ఆన్ కూడా సరిగ్గా వేశారే అని మెజిస్ట్రేటు అడిగాడు, నవ్వుతూ. వకీలు సాబ్ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"మా టైపిస్టు. ఇక్కడ నకళ్ళు రాసిన ఆయన బిడ్డ."

పాత కాగితాల గది తలుపు కోర్టు హాలులోకే తెరుచుకుంటుంది. ఆ తలుపులో బాపు నిలబడి ఉన్నాడు, చంకలో కాగితాల కట్ట, భుజాల మీద దుమ్ము. ఆయన ఎప్పటినుంచి అక్కడున్నాడో తెలియదు. నన్ను చూడలేదు. కట్టను ఇటునుంచి అటు మార్చుకుని లోపలికి వెళ్ళిపోయాడు. కానీ ఆ రోజు సాయంత్రం అవ్వతో ఆ సంగతి ఆయన మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ మెజిస్ట్రేటు నవ్వు దగ్గరే ఆగాడు.

ప్రమాణం చేసి ఆమె తన కథ చెప్పింది. గుంటలో కూర్చున్న చోటుకు వచ్చేసరికి మెజిస్ట్రేటు కలం ఆగింది. కాళ్ళ మీద మన్ను పోసినా ఎందుకు లేవలేదని అడిగాడు. లేస్తే ఆ గుంట తనది కాకుండా పోతుందని ఆమె చెప్పింది. ముద్దాయికి సమన్లు పంపమని అప్పటికప్పుడే రాశాడు.

బయటికి వచ్చాక వేపచెట్టు కింద కూర్చుని ఆమె నన్ను నిలదీసింది. ఆ కాగితంలో ఏముంది, ఎందుకు నవ్వారు, అంతా చెప్పమంది. దాచకుండా చెప్పాను. నా చేతులతో నేనే అది కొట్టానని కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను. అంటే తన చేయి తానే విరగ్గొట్టుకుని నాలుగు కోసులు నడిచి చెప్పుకోవడానికి వచ్చినట్టయిందన్నమాట అంది. అని నవ్వింది. ఆ నవ్వు నన్ను క్షమించినట్టే అనిపించింది. తర్వాత అడిగింది.

"గది మా బావ మాట అయితే, నా మాట ఏంది? గోసపడ్డోళ్ళ మాట వాళ్ళ భాషల లేదా?"

ఉంది అక్కా అన్నాను. సఫర్, అంటే బాధపడటం అని చెప్పాను. ఆమె రెండుసార్లు పలికి చూసింది. దీన్ని మగ్గం మీద కూర్చుని కూడా అనుకోవచ్చు, చిన్నగా ఉంది అంది.

బావ మొదటి వాయిదాకు రాలేదు. రెండోదానికి వచ్చాడు. బక్కపలచని మనిషి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇతనేనా ఆ కర్ర ఎత్తింది అనిపించింది నాకు. మూడో వాయిదా నాటికి కుల పెద్దలు మధ్యకు వచ్చి రాజీ చేస్తామన్నారు. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. ఒక్క షరతు పెట్టింది. పూడ్చిన గుంటను పూడ్చిన చేతులతోనే తవ్వాలి, అదీ పగటిపూట, వాడకట్టు వాళ్ళందరి ముందు తవ్వాలి. పెనిమిటి వచ్చేదాకా ఆ మగ్గం మీద తాను నేస్తుంది, ఎవరూ వద్దనకూడదు. మెజిస్ట్రేటు అనుమతి ఇచ్చాడు. వకీలు సాబ్ స్వయంగా ఆ పల్లెకు పోయి అరుగు మీద కూర్చుని ఆ తవ్వకం చూసి వచ్చాడు. తిరిగి వచ్చి నాకు ఎంతో ఉత్సాహంగా చెప్పాడు. బావ తవ్వుతుంటే ఆమె అంచున నిలబడి ఇంకా లోతు, ఇంకా లోతు అని చెప్పిందట. పాతదానికంటే జానెడు లోతు ఎక్కువే తవ్వించుకుందట.

కోర్టులో ఆ సంగతి జరిగిన తర్వాత రెండు రోజులు వకీలు సాబ్ నాతో పని మాట తప్ప మాట్లాడలేదు. నన్ను తీసేస్తాడనుకున్నాను. మూడో రోజు ఒక కొత్త నోటుబుక్కు తెచ్చి నా మిషన్ మీద పెట్టాడు. మధ్యలో గీత గీసుకొచ్చాడు. ఎడమ పక్కన గోస పెట్టెటోళ్ళ మాటలు, కుడి పక్కన గోస పడెటోళ్ళ మాటలు రాయమన్నాడు. ఎడమ పక్క ఇన్‌ఫ్లిక్ట్, కాజ్, ఇంపోజ్. కుడి పక్క సఫర్, సస్టెయిన్, అండర్గో. సాయంత్రాలు బాపును కూడా పిలిపించాడు. ముగ్గురం ఆ వరండాలో కూర్చునేవాళ్ళం. బాపు ఉర్దూ చెప్పేవాడు, నేను ఇంగ్లిషు చెప్పేదాన్ని, వకీలు సాబ్ ఆ మాటకు కోర్టులో ఏం పని ఉంటుందో చెప్పేవాడు. ఒక్కో మాటకు వాదన అయ్యేది. ఆయన ఉర్దూలో చెలరేగిపోయేవాడు. బాపు నెమ్మదిగా ఒక్క మాటతో ఆపేవాడు. ఇరవై ఏళ్ళుగా ఒకే కోర్టులో ఉన్న ఆ ఇద్దరు అంతకుముందు ఎన్నడూ కలిసి కూర్చోలేదని నాకు తర్వాత తెలిసింది.

ఆ ఎండాకాలం బోథ్ వైపునుంచి కొందరు రైతులు వచ్చారు. నలుగురిలో ముగ్గురు కుంటుతున్నారు. ఊళ్ళో తాగేది దిగుడుబావి నీళ్ళు. మెట్లు దిగి నీళ్ళలో కాళ్ళు పెట్టి ముంచుకుంటారు. ఊరు ఊరంతా నారికురుపు. కాలిలోనుంచి తీగలాంటి పురుగు బయటికి వస్తుంది, దాన్ని పుల్లకు చుట్టుకుంటూ రోజుల తరబడి కూర్చోవాలి. నాట్లప్పుడు, కోతలప్పుడు మనిషి మంచాన పడతాడు. మెట్లు మూసి గిరక పెట్టించమని కలెక్టరుకు ఇంగ్లిషులో అర్జీ కావాలన్నారు. వాళ్ళలో ఒకాయన మరాఠీ కలిపి మాట్లాడేవాడు, ఆయన మాట సగం నాకు అర్థం కాలేదు. కానీ ఆయన విప్పి చూపిన కాలు అర్థమైంది.

వకీలు సాబ్ కలం తీశాడు. మొదటి వాక్యం దగ్గర ఆగాడు. నా వైపు తిరిగాడు.

"ఏది పెట్టాలె బిడ్డా? ఆన్ దా, విత్ దా?"

కాగితం రాస్తూ ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. ఇక్కడ కర్ర పట్టినవాడు ఎవడూ లేడు, ఊరు మొత్తం బాధలో పడి ఉంది, కాబట్టి అఫ్లిక్టెడ్ విత్ అన్నాను. ఆయన తల ఊపి, కలం మూసి జేబులో పెట్టుకున్నాడు. లేచి ఆ కుర్చీ నాకిచ్చి, అర్జీ మొత్తం నన్నే రాయమన్నాడు. రైతులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆడపిల్ల రాస్తే పని అవుతుందా అని వాళ్ళకు అనుమానం. అయినా కదలకుండా కూర్చున్నారు. నేను వాళ్ళను ఒక్కొక్కటి అడుగుతూ, మెట్లు ఎన్ని, నీళ్ళు ఎంత లోతు, ఎన్ని ఇళ్ళలో మనుషులు పడి ఉన్నారు, అన్నీ తెలుసుకుని రాశాను. ఒక్క మాట కూడా ఎవరి కాగితం లోంచీ తీసుకోలేదు.

పంపిన తర్వాత రోజూ టపా కోసం ఎదురుచూశాను. జవాబు రాలేదు. దసరా పోయింది. ఇక ఆశ వదులుకున్నాను. ఒకరోజు ఆ కాలు చూపించిన రైతే వచ్చి, మెట్లకు అడ్డంగా గోడ కట్టారని, గిరక పెట్టారని, నన్ను, బాపును బస్సులో తీసుకురమ్మని ఊరివాళ్ళు పంపారని చెప్పాడు. అవ్వ వద్దంటూనే దారికి రొట్టెలు కట్టి ఇచ్చింది.

బావి చుట్టూ జనం. కొత్త సున్నం ఇంకా తెల్లగా ఉంది. ఒక ఆమె, కాలికి ఇంకా గుడ్డ చుట్టుకునే ఉంది, చేద నా చేతికిచ్చి తోడమంది. నాకు తోడటం అలవాటు లేదు, మా ఇంట్లో అవ్వే తోడేది. అయినా పట్టుకుని లాగాను. తాడు చేతుల్లో జారి మండింది. బకెట్ పైకి వచ్చేదాకా వదల్లేదు. ముందు బాపుకు పోశాను. తర్వాత నేను తాగాను. ఇంకో బకెట్ తోడతానన్నాను. నవ్వి, తోడనిచ్చారు. అట్లా నాలుగు తోడాను.

మర్నాడు అరచేతులకు బొబ్బలు. వేళ్ళు వంగడం లేదు. ఆ రోజు కొట్టిన కాగితంలో ఎన్ని తప్పులు పడ్డాయో లెక్కలేదు. వకీలు సాబ్ దాన్ని పైనుంచి కింది దాకా చూసి, నా చేతుల వైపు చూసి, తానే కూర్చుని ఒక్కొక్క అక్షరం కలంతో దిద్దాడు.